తిరిగే రాయిని ఆపకుండా: వరంగల్‌లో ఒక పాత పిండి గిర్ని మరమ్మతు

2023 జులై ఆఖరి వారంలో వరంగల్ వరదలో చిక్కుకున్నప్పుడు, స్టేషన్ రోడ్డు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక పాత పిండి గిర్నిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తోడేసిన నాలుగో రోజు యజమాని నాకు ఫోన్ చేశారు. పాత కట్టడాలకు సున్నంతో మరమ్మతులు చేయించడం నా వృత్తి. "తమ్ముడేమో కూలగొట్టి మడిగెలు కడదామంటున్నడు. అమ్మ ససేమిరా అంటున్నది. మీరొక్కసారి వచ్చి చూడండి సార్. నిలబడుతదంటే ఉంచుకుంటం, లేదంటే లేదు" అన్నారు.

నేను వెళ్ళేసరికి గోడల మీద బురద చార ఇంకా తడిగానే ఉంది. లోపల మాత్రం గిర్ని తిరుగుతోంది. మోటారు విప్పి, ఎండబెట్టి, మళ్ళీ బిగించి, గిర్ని నడిపే పెద్దాయన ఒకావిడకు మక్కలు పట్టి ఇస్తున్నారు. నలభై ఏళ్ళ పైబడి ఆయన పని అక్కడే. బస్తీలో చిన్నాపెద్దా అందరికీ ఆయన గిర్ని కాక. నేను టేపు తీసి గోడ కొలుస్తుంటే, "సారూ, జెర పక్కకు జరుగుర్రి, పట్టా తాకుతది" అన్నారు. పట్టా అంటే మోటారుతో తిరిగే బెల్టు.

ఈ పనిని ఎట్లా చేయాలో ఆ మాటతోనే సగం తేలింది. రోజూ నలభై, యాభై మంది సంచులు పట్టుకుని వచ్చే చోటు ఇది. ఒక్క నెల మూసేస్తే ఆ గిరాకీ పక్క వీధి గిర్నికి పోతుంది, మళ్ళీ రాదు. గిరాకీ లేకపోతే కాక ఉండరు. కాక లేకపోతే మనం ఎంత అందంగా బాగుచేసినా మిగిలేది నాలుగు గోడలూ ఒక తుప్పు పట్టిన షాఫ్టూ. అందుకే యజమానికి నేను పెట్టిన మొదటి షరతు ఇది: మరమ్మతు మొత్తంలో ఎప్పుడూ వరసగా మూడు రోజులకు మించి గిర్ని ఆగకూడదు. దీనివల్ల పని రెండింతలు ఆలస్యమైంది, ఖర్చూ పెరిగింది. మళ్ళీ చేయాల్సి వచ్చినా అదే షరతు పెడతాను.

వయసు ఎంత?

"మాది నూరేళ్ళ గిర్ని" అని ఇంటివాళ్ళు మొదటి రోజే చెప్పారు. నాకు చేతికి దొరికే ఆధారాలు కావాలి. వెనక గదిలో ఎప్పుడో ఆగిపోయిన ఆయిల్ ఇంజను ఉంది. రెండు పెద్ద చక్రాలు, మధ్యలో అడ్డంగా పడుకున్న సిలిండరు. దశాబ్దాల పిండీ గ్రీజూ కలిసి నల్లటి తారులా గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిలులో గుడ్డ ముంచి అరగంట తుడిస్తే ఇత్తడి పలక మీద అక్షరాలు బయటపడ్డాయి: రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్, ఇంగ్లండ్. రెండు ఇంగ్లిష్ కంపెనీలు 1918లో కలిస్తే ఏర్పడిన పేరు అది. కాబట్టి ఈ ఇంజను అంతకంటే పాతది అయ్యే అవకాశం లేదు.

రెండో ఆధారం పైకప్పు. మనం బెంగుళూరు పెంకులంటాం గానీ వీటి పుట్టిల్లు మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఆస్తులు వాళ్ళ చేతి నుంచి పోయి, తర్వాత కామన్వెల్త్ ట్రస్ట్ అనే సంస్థ కిందికి వచ్చాయి. మా గిర్ని పెంకుల వెనక ముద్రల్లో ఎక్కువ భాగం కామన్వెల్త్ ట్రస్ట్‌వే. పెంకుల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చుకోవడం మామూలే కనుక ఇది బలహీనమైన సాక్ష్యమే. అయినా ఇంజను చెప్పేదానికి ఎదురు చెప్పడం లేదు.

మూడోది, యజమాని అమ్మగారు ట్రంకు పెట్టెలోంచి తీసిన ఒక లెక్కల పుస్తకం. ఉర్దూలో రాసి ఉంది. డబ్బు హాలీ సిక్కాలో (నిజాం రాజ్యపు రూపాయి), తేదీలు ఫస్లీలో (అప్పటి సర్కారు వాడిన సంవత్సర లెక్క). హాలీ సిక్కా 1959 దాకా చెల్లింది కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. ఫస్లీ సంవత్సరానికి మాత్రం 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. అట్లా చూస్తే పుస్తకంలో మొదటి పేజీ 1940ల మొదట్లో పడింది. అప్పటికే గిర్ని నడుస్తోంది. నేను రిపోర్టులో "1918 తర్వాత, 1940ల లోపు" అని మాత్రమే రాశాను. యజమాని మొహం చిన్నబోయింది. బోర్డు మీద "నూరేళ్ళ గిర్ని" అని రాయిద్దామని ఆయన ఆశ. రుజువు దొరికిన రోజు రాయిద్దామని చెప్పాను.

ఊరి చరిత్రతో పోల్చి చూస్తే ఈ కాలం సరిగ్గానే కుదురుతుంది. నిజాం రైల్వే 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. వరంగల్ స్టేషన్ చుట్టూ ధాన్యం, పత్తి, నూనెగింజల వ్యాపారం పెరిగింది. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చింది. షిఫ్టుకు పోయే ఇళ్ళలో తెల్లారుజామున లేచి ఇసుర్రాయి ముందు కూర్చునే తీరిక ఎవరికుంటుంది? మిల్లు సైరన్ కూసి షిఫ్టు దిగగానే ఇక్కడ లైను కట్టేవాళ్ళని కాక చెప్పారు. 2002లో ఆజంజాహి మూతపడ్డాక ఆ లైను సన్నబడింది. తర్వాత ప్యాకెట్ పిండి వచ్చింది.

గోడ ఎందుకు పాడైంది

గోడలు కిటికీ మట్టం దాకా రాయి, ఆపైన ఇటుక, మొత్తం డంగు సున్నంతో కట్టినవి. మందం 20 అంగుళాలు. వరద వీటిని పాడుచేయలేదు. వరదకు చాలా ఏళ్ళ ముందే ఎవరో మంచి మనసుతో నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. అసలు చేటు అక్కడ జరిగింది. సున్నపు గోడ నేలలోంచి తడి పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడికి దారి ఉండదు. లోపలే ఉండి, ఉప్పును పోగేసి, ఇటుకను పొడి చేస్తుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే పది చోట్ల తొమ్మిది చోట్ల డొల్ల శబ్దం. ఒక చోట ప్లాస్టరింగ్ ఊడదీస్తే వెనకాల ఇటుక వేలితో గీకితే రాలింది, తడి రవ్వలాగా.

నన్ను ఎక్కువ భయపెట్టింది తూర్పు గోడలో పగులు. షాఫ్టును మోసే ఇనుప బ్రాకెట్ పక్క నుంచి మొదలై పైదాకా పోయింది. యజమానికి ఒకటే టెన్షన్: గిర్ని అదురుకే గోడ చీలుతోందా? అదే నిజమైతే గిర్నిని ఆపాల్సిందే. అప్పుడు నేను పెట్టిన షరతుకు అర్థం ఉండదు. పగులుకు అడ్డంగా మూడు చోట్ల సన్నటి గాజు పలకలు అతికించి, వాటి మీద తేదీ రాసి, నాలుగు నెలలు వదిలేశాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. ఒక్కటీ పగల్లేదు. పగులు పాతదే, ఎప్పుడో పునాది కుదురుకున్నప్పటిది.

మరి అదురు ఎక్కడిది? మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. 5 అంగుళాల పుల్లీ నుంచి 24 అంగుళాల పుల్లీకి పట్టా పోతుంది కాబట్టి షాఫ్టు 300 తిరగాలి. అక్కడి నుంచి రాయి దగ్గరికి వచ్చేసరికి 500 చిల్లర. లెక్క సరిగ్గానే ఉంది. షాఫ్టు మాత్రం మధ్యలో 2 మిల్లీమీటర్లు వంగింది, దాన్ని పట్టి ఉంచే రెండు బుష్‌లు ఒకవైపు అరిగాయి. పట్టా అతుకు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ 'టప్' మని కొట్టేది. షాఫ్టును ఒక ఆదివారం దింపి లేత్‌కు పంపి సరిచేయించాం. బుష్‌లు కొత్తవి పోయించాం, పట్టాను పొడుగైన ఏటవాలు అతుకుతో కలిపాం. మంగళవారం పొద్దున గిర్ని వేసినప్పుడు కాక గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. "చప్పుడు తక్కువైంది, నాకు నిద్రొస్తది" అన్నారు.

ఉద్దెర గీతలు

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ కేస్ స్టడీ అన్నాక దాచకూడదు.

రెండో జత రాళ్ళ వెనక గోడ మీద, పిండి దుమ్ము పొర కింద, బొగ్గుతో గీసిన గీతలు ఉన్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక అడ్డ గీత. ఉద్దెర లెక్కలు. పక్కన పేర్లు లేవు, గుర్తులున్నాయి: ఒక చేప, ఒక కొడవలి, ఒక బిందె, మూడు చుక్కలు. చదువు రాని వాళ్ళ ఖాతాలు. కాకకు ముందు గిర్ని నడిపినాయన గీసినవట. చేప గుర్తు చెరువు మీద బతికే ఒక ఇంటిది అని మాత్రమే కాకకు గుర్తుంది.

వీటిని నేను చూసే నాటికే ఒక గజం వెడల్పు పోయింది. మొదటి వారంలో "గోడ మీద దుమ్ము బ్రష్ కొట్టేయండి" అని కూలీలకు చెప్పింది నేనే. వాళ్ళు చెప్పినట్టే చేశారు. ఫొటో తీయకుండా, దగ్గరగా చూడకుండా ఆ మాట చెప్పాను. పోయిన గజంలో ఎన్ని గుర్తులుండేవో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రోజు నుంచి నా పనిలో ఒక నియమం వచ్చింది: గుడిలో శాసనం ఉన్న గోడను ఎట్లా చూస్తామో దుకాణం గోడనూ అట్లాగే చూడాలి. ముందు పక్కనుంచి లైటు వేసి ఫొటో, తర్వాత మెత్తటి కుంచె, ఆ తర్వాతే మిగతావి. మిగిలిన గీతల ముందు ఇప్పుడు చెక్క చట్రంలో గాజు ఉంది. గాజుకూ గోడకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాం, గోడకు గాలి ఆడాలి కదా.

సున్నం

సిమెంటు మొత్తం ఉలితో చేత్తోనే ఊడదీయించాం. మెషిన్ పెడితే వెనక ఇటుక కూడా వస్తుంది. సున్నాన్ని నెల రోజులు నీళ్ళలో మురగబెట్టి, సన్న ఇసుకా సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి రోట్లో నూరించాం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, కొద్దిగా బెల్లం. బెల్లం ఎంత ఎక్కువైతే అంత గట్టి అని మేస్త్రీల్లో ఒక నమ్మకం ఉంది. నా అనుభవంలో ఎక్కువైతే చీమలు, బూజు. ఇది పిండి ఆడే చోటు కనుక చాలా తగ్గించాం.

ఎండాకాలంలో పని మొదలుపెట్టడం మా పొరపాటు. సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. దానికి తడి ఉండాలి. మే నెల వరంగల్ ఎండకు పొద్దున పూసిన గోడ సాయంత్రానికి జల్లెడలా పగిలింది. ఆ భాగం గీకేసి, గోనె పట్టాలు తడిపి గోడకు వేలాడదీసి, రోజుకు నాలుగుసార్లు నీళ్ళు చల్లి మళ్ళీ చేశాం. గిరాకీ మీద నీళ్ళు పడకుండా టార్పాలిన్ కట్టాం. అయినా పడ్డాయి. ఒక్కరు కూడా కోప్పడలేదు. తమ వీధి గిర్ని బాగుపడుతోందని వాళ్ళు మాకంటే ఎక్కువ సంబరపడ్డారు. ఒకావిడ మా మేస్త్రీలకు రోజూ చల్ల తెచ్చి ఇచ్చేది.

ఖర్చులో సగం పైకప్పుకే పోయింది. టేకు దూలాల చివర్లు గోడలోకి దూరిన చోట చెద పట్టి గుల్లయ్యాయి. దూలం మొత్తం మార్చకుండా, చెడిన మూడడుగులు కోసి పాత టేకుతోనే అతుకు వేశాం. పగిలిన పెంకుల స్థానంలో కూలగొట్టిన ఇళ్ళ నుంచి పాతవి ఏరుకొచ్చాం.

రాయికి కక్కు కొట్టడం

నాకు బాగా తెలిసింది గోడ. రాయి గురించి తెలిసింది కాకకు. అందుకే ఆయన పనిని రోజుల తరబడి పక్కన కూర్చుని రాసుకున్నాను, వీడియో తీయించాను. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని నా నమ్మకం.

పిండి గిర్నిలో రెండు రాళ్ళు. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. గింజ నడిమి కన్నంలోంచి పడి, రాతి మీది గాళ్ళ వెంట అంచుకు పోతూ నలుగుతుంది. గాళ్ళు అరిగిపోతే గింజ నలగదు, రుద్దుకుంటుంది. పిండి వేడెక్కుతుంది, మాడు వాసన వస్తుంది. అప్పుడు రాయిని ఎత్తి కక్కు కొట్టాలి, అంటే ఉలితో మళ్ళీ చెక్కి పదును తేవాలి.

కాక చేసే తీరు ఇది. పై రాయిని గొలుసుతో ఎత్తి వెల్లకిలా పడుకోబెడతారు. కొబ్బరి పీచుతో పిండంతా దులుపుతారు. రాయి వెడల్పంత పొడుగున్న చక్కని చెక్క పట్టెకు తడి జాజు పూస్తారు, మనం గడపలకు పూసే ఎర్ర జాజే. ఆ పట్టెను రాతి మీద మెల్లగా తిప్పుతారు. ఎక్కడ ఎరుపు అంటితే అక్కడ రాయి ఎత్తుగా ఉన్నట్టు. ఆ ఎర్ర మచ్చల మీద మాత్రమే ఉలి పడుతుంది. చిన్న చిన్న దెబ్బలు, మణికట్టు నుంచి. మళ్ళీ జాజు, మళ్ళీ ఉలి. ఎరుపు రాయంతటా సమానంగా పొడలు పొడలుగా అంటేదాకా. ఆ తర్వాత గాళ్ళు: కన్నం దగ్గర లోతు, అంచుకు పోయేకొద్దీ తేలిక. ఒక రాయికి నాలుగు గంటలు పట్టింది. బిగించాక మొదట వేసే గుప్పెడు జొన్నలు మనుషులకు కాదు. రాతి పొడి దాంతో పోతుంది. ఆ పిండి పారబోస్తారు.

రాళ్ళ మధ్య సందును ఆయన చక్రం తిప్పి సరిచేస్తారు గానీ కొలత అంటూ ఏదీ లేదు. గుడ్డ తొడుగులోంచి జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తారు. జొన్న రొట్టెకు మెత్తగా, మక్క గడకకు రవ్వగా. సంక్రాంతి ముందు వచ్చే సకినాల పిండి వేరే లోకం. నానబెట్టి వడగట్టిన బియ్యాన్ని తడిగానే పడతారు. పిండి బరకైతే సకినం చుట్టేటప్పుడు తెగిపోతుంది. సందు మరీ దగ్గరైతే తడి పిండి గాళ్ళలో కూరుకుపోయి రాయి జారుతుంది. నాలుగైదు సంచులకొకసారి పొడి బియ్యం కొంచెం వేసి రాయిని శుభ్రం చేసుకోవాలి. ఎవరి బియ్యం ఎంత తడిగా ఉన్నాయో సంచిలో చెయ్యి పెట్టి చూసి, ఎక్కువ తడి ఉన్నవాళ్ళను "అవ్వా, ఇంకో గంట ఆరవెట్టుకొని రా" అని పంపేస్తారు. వాళ్ళు మారు మాట్లాడకుండా పోతారు.

ఇంజను విషయంలో మా నిర్ణయం

పాత ఇంజనును మళ్ళీ నడిపిద్దామని చాలామంది అడిగారు. ఏడాదికొకసారైనా తిప్పితే జనం వస్తారని, పేపర్లో పడుతుందని. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే పోత ఇనుప తొడుగులో పగులుంది. దాన్ని వెల్డింగ్ చేస్తే ఇంకో చోట చీలే ప్రమాదం ఎక్కువ. కొత్తది పోయిస్తే మనం నడిపేది పాత ఇంజనును కాదు. పైగా ఆ గది పొగగొట్టం పక్కింటి కిటికీకి పది అడుగుల్లో ఉంది. పారిశ్రామిక వారసత్వం గురించి 2003లో వచ్చిన నిజ్నీ టాగిల్ చార్టర్ యంత్రం పనితీరు చెడకుండా చూడమంటుంది, కొత్త అవసరాలకు తగ్గట్టు మార్చుకోవడాన్నీ ఒప్పుకుంటుంది. ఇక్కడ బతికి ఉన్న పని రాళ్ళది. కాబట్టి రాళ్ళు కరెంటు మోటారు మీదే తిరుగుతాయి. ఇంజనును శుభ్రం చేసి, నూనె పెట్టి, బిగుసుకుపోకుండా నెలకొకసారి చేత్తో ఒక చుట్టు తిప్పి వదిలేస్తాం.

వైరింగ్ మాత్రం మొత్తం మార్చాం. గాలిలో తేలే పిండి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపోలిస్‌లో వాష్‌బర్న్ మిల్లు అట్లాగే పేలి 18 మంది చనిపోయారు. మనది చిన్న గిర్నే, కిటికీలు తెరిచే ఉంటాయి. అయినా దూలాల మీద వేలెడు మందం పిండి పేరుకుని, దాని మీదుగా గుడ్డ తొడుగు ఊడిన తీగలు పోతుంటే చూస్తూ ఊరుకోలేం. దుమ్ము చొరని లైట్లు పెట్టాం. గాలి పంపుతో ఊదడం మాన్పించి తడి గుడ్డతో తుడిచే అలవాటు చేశాం. పట్టాలకు జాలీ కట్టాం. తిరిగే యంత్రానికి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే గిర్నికి ఆ చట్టం వర్తించకపోయినా చున్నీ లాగేసే పట్టాకు ఆ తేడా తెలియదు.

వరంగల్‌లో వారసత్వం అనగానే కోట తోరణాలు, వేయిస్తంభాల గుడి, కొంచెం దూరంలో 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుర్తొస్తాయి. వాటి కోసం మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఉండాలి. 2017 తెలంగాణ హెరిటేజ్ చట్టం ఉంది. కానీ ఇట్లాంటి గిర్ని ఏ జాబితాలోనూ ఉండదు. యజమాని కూడా ఉండకూడదనే కోరుకుంటారు, ఆ ముద్ర పడితే రేపు ఒక మేకు కొట్టాలన్నా పర్మిషన్ అడగాలని ఆయన భయం. దాన్ని నేను తప్పుపట్టను. రోడ్డు వైపు కొంత స్థలంలో రెండు మడిగెలు కట్టుకోవడానికి నేనే ప్లాన్ గీసి ఇచ్చాను. ఆ అద్దెతోనే పైకప్పు అప్పు తీరుతోంది. తమ్ముడు కూడా మెత్తబడ్డాడు.

ఇప్పుడు మిగిలిన పెద్ద పని కాక తర్వాత ఎవరన్నది. యజమాని మేనల్లుడు ఆరు నెలలుగా నేర్చుకుంటున్నాడు. రెండుసార్లు కక్కు కొట్టాడు. మొదటిసారి కొట్టిన రాయి మీద పట్టిన జొన్న పిండిని ముగ్గురు వెనక్కి తెచ్చారు, రొట్టె అంచులు పగులుతున్నాయని. కాక ఏమీ అనలేదు. జాజు గిన్నె, పట్టె తెచ్చి అబ్బాయి చేతిలో పెట్టి, రాయిని మళ్ళీ విప్పించారు. రెండోసారి పిండిని ఎవరూ తిరిగి తేలేదు. సకినాల రాయిని మాత్రం ఇంకా ముట్టనివ్వడం లేదు. వచ్చే సంక్రాంతికి చూద్దామంటున్నారు.

ఉత్తరం వైపు గోడ వెంట వాననీటి కాలువ తవ్వాలి, కారం పట్టే గదిలో నేల ఎత్తు పెంచాలి. రెండూ ఈ వానాకాలం లోపు పూర్తి కావాలి. తూర్పు గోడ మీది గాజు పలకల్ని తీయకుండా అట్లాగే ఉంచాం. పోయిన వారం వెళ్ళినప్పుడు పిండి తుడిచి చూశాను. మూడూ బాగానే ఉన్నాయి.